నడుంనొప్పికి యాంటీబాడీ మందు: పది మంది సాక్ష్యం చాలుతుందా?

నడుంనొప్పి అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? రోజంతా నాట్లు వేసి వచ్చి గడపలో చతికిలబడే అమ్మమ్మా? ఇరవయ్యేళ్లు బస్సు నడిపిన పక్కింటి బాబాయా? వీళ్లలో కొందరికి నొప్పి నడుం దగ్గర ఆగదు. పిరుదు మీదుగా, తొడ వెనకనుంచి పిక్క దాకా, ఒక్కోసారి బొటనవేలి దాకా కరెంటు తగిలినట్టు జివ్వున లాగుతుంది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినంత పనవుతుంది. డాక్టర్లు దీన్ని సయాటికా అంటారు.

ఈ నొప్పిని యాంటీబాడీలతో తగ్గించవచ్చన్న వార్త ఇరవయ్యేళ్లకు పైగా పత్రికల్లో వస్తూ పోతూ ఉంది. ఆ మాట పరీక్షకు ఎంతవరకు నిలిచిందో ఈ వ్యాసంలో చూద్దాం. అంతకంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

2003లో నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. కాలేజీ గోడపత్రిక కోసం ఇంగ్లీషు సైన్సు వార్తల్ని తెలుగు చేసి అతికించేవాణ్ణి. ఫిన్లాండ్ డాక్టర్లు సయాటికా రోగులకు ఒక యాంటీబాడీ మందు ఎక్కిస్తే గంటలోనే కాలినొప్పి బాగా తగ్గిందన్న వార్త కంటబడింది. “సయాటికాకు ఒక్క సూదిమందు” అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టాను. రెండు రోజుల తర్వాత మా ల్యాబ్ అటెండర్, నడుం పట్టుకునే నడిచే మనిషి, నా దగ్గరికొచ్చి అడిగాడు: “బాబూ, ఈ సూది ఎక్కడ ఏత్తారు? ఎంతవుద్ది?” నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను రాసింది నేనే మళ్లీ చదువుకున్నాను. ఆ పరీక్ష పది మంది మీదే జరిగిందన్న సంగతి అందులో లేదు. ఇంగ్లీషు వార్తలో ఉంది. తెలుగు చేసేటప్పుడు అది ముఖ్యం కాదనుకుని నేనే వదిలేశాను.

నొక్కుడా, రసాయనమా?

మన వెన్నుపూసల మధ్య దిండ్లలాంటి డిస్కులు ఉంటాయి. ప్రతి డిస్కుకూ బయట గట్టి నారపొర, లోపల మెత్తటి గుజ్జు. పొర చిరిగితే గుజ్జు బయటికి ఉబికి, పక్కనుంచి పోయే నరం మొదలును తాకుతుంది. 1934లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు సయాటికాకు ఇలా చిరిగిన డిస్కు కారణమని స్పష్టంగా చూపించారు. అప్పటినుంచి వైద్యుల ఆలోచన చాలాకాలం ఒకటే: గుజ్జు నరాన్ని నొక్కుతోంది, నొక్కేదాన్ని తీసేస్తే నొప్పి పోతుంది.

ఇది వినడానికి సబబుగానే ఉంది. కానీ ఒక చిక్కుంది. 1994లో అమెరికాలో నడుంనొప్పి అసలు లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి చూశారు. సగానికి పైగా మందిలో, అంటే 52 శాతంలో, కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతంలో డిస్కు బయటికి పొడుచుకొచ్చింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే! డిస్కు ఉబ్బినంత మాత్రాన నొప్పి వచ్చి తీరాలని లేదన్నమాట. మరి కొందరికే నొప్పి ఎందుకు?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కెల్ ఓల్మార్కర్ బృందం 1993లో పందుల మీద ఒక చక్కటి ప్రయోగం చేసింది. పంది డిస్కులోని గుజ్జును కొద్దిగా తీసి, దాని నరాల మొదళ్ల మీదే ఉంచారు. నొక్కలేదు. కేవలం ఆనించారు. పోల్చి చూడడానికి మరికొన్ని పందుల్లో గుజ్జు బదులు వాటి కొవ్వునే అలా ఉంచారు. గుజ్జు తగిలిన నరాల్లో సంకేతాలు ప్రయాణించే వేగం తగ్గింది, నరం దెబ్బతింది. గుజ్జులో నరాన్ని రెచ్చగొట్టే రసాయనం ఏదో ఉందన్నమాట.

ఆ రసాయనం ఏమిటి? 1998లో అదే బృందం ఒక మాంసకృత్తి వైపు వేలు చూపింది. దాని పేరు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, పొట్టిగా టి.ఎన్.ఎఫ్. ఎలుకల్లో కణితుల్ని చంపుతోందని గమనించి 1975లో దానికి ఆ పేరు పెట్టారు. తర్వాత తేలిన సంగతేమిటంటే, ఒంట్లో ఎక్కడ శోథ రగిలినా అక్కడ టి.ఎన్.ఎఫ్. ముందు వరసలో ఉంటుంది.

“శోథ” అంటే?

ఇక్కడ ఒక మాట గురించి ఆగి ఆలోచించాలి. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అనే దాన్ని తెలుగులో కొందరు “మంట” అంటారు, కొందరు “వాపు” అంటారు. పాఠ్యపుస్తకాల్లో “శోథ” అని ఉంటుంది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ దానికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వేడి, వాపు, నొప్పి. ముల్లు గుచ్చుకున్న వేలిని చూడండి, నాలుగూ కనిపిస్తాయి. దెబ్బ తగిలినప్పుడో, సూక్ష్మజీవి చొరబడినప్పుడో శరీరం చేసే పోరాటమే శోథ. కాబట్టి అది రోగం ఒక్కటే కాదు, రక్షణ కూడా.

పత్రికల్లో “మంట తగ్గించే మందు” అని రాయగానే పాఠకుడికి మందులషాపులో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు గుర్తొస్తాయి. యాంటీబాడీ మందు కూడా వాటికి పెద్దన్నలాంటిదేమో అనుకుంటాడు. కాదు. ఆ బిళ్లలు నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా చేస్తాయి. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే యాంటీబాడీ మన వ్యాధినిరోధక వ్యవస్థలోని ఒక ముఖ్యమైన సంకేతాన్నే ఒళ్లంతా ఆపేస్తుంది, అదీ వారాల తరబడి. ఈ తేడా చెప్పకుండా రాసే వార్త సగం వార్తే.

యాంటీబాడీ మందు ఎలా పుట్టింది?

యాంటీబాడీలు మన రక్తంలో ఉండే మాంసకృత్తులే. ఒక్కో రకం యాంటీబాడీ ఒక్కో గురినే పట్టుకుంటుంది, తాళానికి తగ్గ తాళంచెవిలాగ. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారుచేసే కణాల్ని సృష్టించారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ దారిలో వచ్చినదే ఇన్‌ఫ్లిక్సిమాబ్. కొంత ఎలుక భాగం, ఎక్కువగా మనిషి భాగం ఉన్న ఈ యాంటీబాడీ టి.ఎన్.ఎఫ్.ను పట్టుకుని పనిచేయనివ్వదు. 1998లో అమెరికాలో పేగుకు సంబంధించిన క్రోన్స్ వ్యాధికి, 1999లో కీళ్లవాతానికి అనుమతి పొందింది. అడాలిముమాబ్ పూర్తిగా మనిషి యాంటీబాడీని పోలినది. వార్తల్లో వీటితో కలిపి చెప్పే ఎటనర్సెప్ట్ మాత్రం నిజానికి యాంటీబాడీ కాదు. అది టి.ఎన్.ఎఫ్. వచ్చి అతుక్కునే గ్రాహకాన్ని, యాంటీబాడీ తోకభాగంతో అతికించి చేసిన ఎర.

పది మంది, తర్వాత నలభై మంది

కీళ్లవాతంలో టి.ఎన్.ఎఫ్.ను ఆపితే మేలు కలిగింది. డిస్కు గుజ్జులోనూ టి.ఎన్.ఎఫ్. ఉంది. అయితే సయాటికాలో ఎందుకు ప్రయత్నించకూడదు? తర్కం బాగుంది. ఫిన్లాండ్‌లో కార్పినెన్ బృందం తీవ్రమైన సయాటికా ఉన్న పది మందికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కసారి ఎక్కించింది. గంటకే నొప్పి సుమారు సగమైందని, మేలు మూడు నెలల దాకా నిలిచిందని 2003లో ప్రకటించింది. నేను తెలుగు చేసిన వార్త ఇదే.

ఇప్పుడు మీరే న్యాయమూర్తులు కండి. ఈ సాక్ష్యంలో లోపాలేమిటి? మొదటిది, పది మందే. రెండోది, తమకు కొత్త మందు ఎక్కుతోందని రోగులకూ తెలుసు, డాక్టర్లకూ తెలుసు. నొప్పిని కొలిచే యంత్రం లేదు. రోగి చెప్పిందే కొలత. ఆశ కూడా ఆ కొలతలోకి దూరుతుంది. మూడోది, పోల్చి చూసింది పాత అధ్యయనంలో ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్న 62 మందితో. ఆ రోగులు వేరు, ఆ సమయం వేరు. నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది: సయాటికా చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

ఈ నాలుగో మాటకు రుజువు కావాలా? నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగుల మీద జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు. మిగతా సగం మందిని మందులతో, వ్యాయామంతో వేచి చూడమన్నారు. రెండో వర్గంలో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అంటే ఎక్కువమంది కత్తి దాకా వెళ్లలేదు. ఆపరేషన్ త్వరగా చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. అయితే ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఇలాంటి జబ్బులో ఏ మందు ఇచ్చినా, మంత్రం వేసినా, వేరుమందు కట్టినా, చాలామందికి “తగ్గింది” అనిపిస్తుంది. మా ఊళ్లో నడుంనొప్పికి పసరు పోసే ఆయనకు పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులకు ఈ లోపాలు తెలియక కాదు. వాళ్లే 40 మందితో పకడ్బందీ పరీక్ష జరిపారు. చీటీలు తీసినట్టు రోగుల్ని రెండు వర్గాలు చేసి, 21 మందికి అసలు మందు, 19 మందికి ఉత్తుత్తి మందు ఎక్కించారు. ఎవరికి ఏది వెళ్లిందో రోగులకు తెలియదు. మూడు నెలల ఫలితం 2005లో, ఏడాది ఫలితం 2006లో వచ్చాయి. ఏడాది తర్వాత నొప్పి లేదన్నవారు మందు వర్గంలో 67 శాతం, ఉత్తుత్తి మందు వర్గంలో 63 శాతం. చూశారా, శాతాలు కాస్త ఘనంగా ఉన్నాయి. మనుషుల్లోకి మార్చి చూడండి: 21 మందిలో 14 మంది, 19 మందిలో 12 మంది. రెండో వర్గంలో ఒక్కరు అటువైపు నుంచి ఇటువైపు మారితే తేడా తారుమారవుతుంది! రెండు వర్గాల్లోనూ ఎనిమిదేసి మందికి ఆపరేషన్ జరిగింది. కనుక ఆ 63 శాతం అంతా ప్రకృతి చేసిన మేలని కూడా మనం అనకూడదు, కత్తి చేసిన మేలు కూడా అందులో ఉండి ఉంటుంది. మందు మేలు మాత్రం విడిగా కనిపించలేదు.

తమ ఆశాజనక ఫలితాన్ని తామే పరీక్షకు పెట్టి, అది నిలవకపోతే ఆ సంగతీ ప్రచురించడం మెచ్చుకోదగ్గ పని. మెచ్చుకోలేనిది నాలాంటివాళ్ల పని. 2003 వార్తను గోడమీద అతికించాను. 2005 ఫలితాన్ని అతికించలేదు. “మందు పనిచేయలేదు” అన్నది వార్త కాదనుకున్నాను.

మిగతా సాక్షులు ఏమన్నారు?

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. స్విట్జర్లాండ్‌లో 61 మంది మీద అడాలిముమాబ్‌ను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. కాలినొప్పిలో తేడా స్వల్పంగానే ఉంది. అయితే మందు తీసుకున్నవారిలో ఆరుగురికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 13 మందికి ఆపరేషన్ అవసరమైంది. ఇది కొట్టిపారేయదగ్గ అంకె కాదు. పెద్ద పరీక్షలో మళ్లీ కనిపిస్తేనే నమ్మదగ్గ అంకె.

2012లో అమెరికాలో 84 మందికి వెన్నుపాము పొర వెలుపల ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. కొందరికి స్టెరాయిడ్, కొందరికి ఎటనర్సెప్ట్, కొందరికి వట్టి ఉప్పునీరు. నెల తర్వాత కాలినొప్పి సగానికి సగం తగ్గి, మేలు జరిగిందన్నవారు స్టెరాయిడ్ వర్గంలో 75 శాతం, ఉప్పునీటి వర్గంలో 50 శాతం, ఎటనర్సెప్ట్ వర్గంలో 42 శాతం. ఇంత చిన్న వర్గాల్లో ఈ తేడాలు యాదృచ్ఛికం కావచ్చు. కానీ ఖరీదైన మందు ఉప్పునీటిని దాటలేకపోయిందన్నది మాత్రం కళ్లముందే ఉంది.

ఇంకో సంగతి గమనించండి. ఈ పరీక్షలన్నీ ప్రధానంగా వారాల క్రితమో, నెలల క్రితమో మొదలైన సయాటికా మీద జరిగినవి. ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికి వీటి ఫలితాన్ని అన్వయించడం సరికాదు. ఆ దీర్ఘకాలిక నొప్పి మీద మరో యాంటీబాడీని పెద్దఎత్తున పరీక్షించారు. దాని పేరు టానెజుమాబ్. ఇది టి.ఎన్.ఎఫ్.ను కాదు, నరాల పెరుగుదల కారకాన్ని పట్టుకుంటుంది. ఆ కారకాన్ని కనుగొన్నందుకే రీటా లెవీ-మొంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. శోథ ఉన్నచోట ఈ కారకం పెరిగి, నొప్పి నరాల్ని సున్నితం చేస్తుంది.

సుమారు 1,800 మంది నడుంనొప్పి రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. పది మిల్లీగ్రాముల మోతాదు ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేసింది. ఎంత మెరుగ్గా? నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలిచే స్కేలు మీద 0.4 పాయింట్లు! గణితపరంగా ఇది నిజమైన తేడాయే. మంచం మీద నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఎంత తేడా? “గణాంకాల ప్రకారం గణనీయం” అనే మాటనూ, “రోగికి ఉపయోగకరం” అనే మాటనూ ఒకటిగా అనువదించకూడదని ఈ ఒక్క అంకె నేర్పుతుంది. పైగా ఈ మందు తీసుకున్న కొందరిలో కీళ్లు వేగంగా అరిగిపోయాయి. కీళ్ల అరుగుదల నొప్పికి దీన్ని అనుమతించాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, 2021 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ సలహాసంఘం 19-1 ఓట్లతో వ్యతిరేకంగా తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో కంపెనీలు ఈ మందు అభివృద్ధినే మానుకున్నాయి.

పనిచేసే చోటు ఒకటుంది

“అయితే యాంటీబాడీలన్నీ దండగేనా?” అని మీరు అడగవచ్చు. కాదు. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బులో వ్యాధినిరోధక వ్యవస్థే వెన్నెముక కీళ్లలో శోథ రగిలిస్తుంది. సాధారణంగా యువకుల్లో మొదలవుతుంది. తెల్లవారుజామున నడుం బిగుసుకుపోతుంది. విశ్రాంతితో కాదు, కదిలితేనే తగ్గుతుంది. 2002లో జర్మనీలో జరిగిన పరీక్షలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 34 మందిలో 18 మందికి జబ్బు తీవ్రత సగానికి తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 35 మందిలో ముగ్గురికే తగ్గింది. ఇది 67, 63 లాంటి తేడా కాదు. 53, 9!

మందు అదే, నొప్పి చోటూ అదే, అయినా ఒకచోట గెలిచి ఇంకోచోట ఎందుకు ఓడింది? స్పాండిలైటిస్‌లో టి.ఎన్.ఎఫ్. నిప్పుకు నిత్యం నూనె పోస్తూ ఉంటుంది. సయాటికాలో అది మొదట రాజేసి, తర్వాత వెనక్కి తగ్గుతుండవచ్చు. ఇంకా విచిత్రం, బయటికి ఉబికిన గుజ్జును శుభ్రంచేసే భక్షక కణాల పనిలో టి.ఎన్.ఎఫ్.కు పాత్ర ఉందని 2000లో వెలువడిన ప్రయోగాలు సూచించాయి. అంటే నొప్పి పెట్టేదీ, మరమ్మతుకు కూలీల్ని పిలిచేదీ ఒకటే కావచ్చు.

అందుకే వార్తల్లో “వెన్నునొప్పికి యాంటీబాడీ” అని చదివినప్పుడు ఏ వెన్నునొప్పికి అని అడగాలి.

మన దేశంలో అదనపు ప్రశ్న

క్షయ సూక్ష్మజీవి మన ఊపిరితిత్తుల్లోకి వచ్చినా చాలామందికి జబ్బు రాదు. రక్షణ కణాలు దాని చుట్టూ కోటలాంటి గోడ కట్టి బంధిస్తాయి. ఆ గోడ నిలబడడానికి టి.ఎన్.ఎఫ్. కావాలి. దాన్ని ఆపేస్తే గోడ బీటలు వారి, నిద్రపోతున్న సూక్ష్మజీవి మేల్కొనవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో 70 మందికి క్షయ వచ్చినట్టు 2001లోనే ఒక అమెరికన్ నివేదిక చెప్పింది. వారిలో సగానికి పైగా మందిలో క్షయ ఊపిరితిత్తుల వెలుపల కనిపించింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కాబట్టి ఈ మందు మొదలుపెట్టే ముందు నిద్రాణ క్షయ కోసం పరీక్షించడం ఇక్కడ తప్పనిసరి. 2014లో అడాలిముమాబ్‌కు మనదేశపు జైడస్ కంపెనీ తన సొంత రూపాన్ని తెచ్చిన తర్వాత ఇలాంటి మందులు కొంత అందుబాటులోకి వచ్చాయి. స్పాండిలైటిస్ రోగులకు ఇది శుభవార్తే. మామూలు సయాటికా రోగి అప్పుచేసి కొనడానికి మాత్రం ఇది కారణం కాదు.

విమర్శకుడి మీదా విమర్శ ఉండాలి. పైన చెప్పిన టి.ఎన్.ఎఫ్. పరీక్షలన్నీ చిన్నవి. నలభై మందిలో కనిపించని కొద్దిపాటి మేలు నాలుగు వందల మందిలో కనిపించవచ్చు. ఏ రోగిలో శోథ ప్రధానమో ముందే గుర్తుపట్టగలిగితే ఫలితం మారవచ్చు. ఓల్మార్కర్ పందుల ప్రయోగం తప్పని ఎవరూ తేల్చలేదు. రసాయనం నరాన్ని బాధిస్తుందన్న ఆలోచన నిలిచే ఉంది. దానినుంచి “కనుక ఈ మందు నయం చేస్తుంది” అన్న మెట్టు దగ్గరే సాక్ష్యం చాలలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా సయాటికా ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ ఓపిక పట్టడం ప్రమాదం. ఈ లక్షణాలు లేనివారిలో ఎక్కువమందికి కాలమే మేలు చేస్తుంది.

ఆ అటెండర్ నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు: ఎక్కడ, ఎంత. ఆయన అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది: “ఎంతమందికిస్తే ఎంతమందికి తగ్గింది బాబూ? ఇవ్వనోళ్లలో ఎంతమందికి తగ్గింది?” పది అనే అంకెను దాచి, ఆయనకు ఆ ప్రశ్న తట్టకుండా చేసింది నేను. ఇకమీదట ఏ వైద్యవార్త చదివినా ఆ ప్రశ్న మీరు అడగండి. వార్తలో జవాబు లేకపోతే ఆ వార్త రాసినవాణ్ణి నిలదీయండి, నన్నైనా సరే.